నాయిస్ రాడార్ రిసీవర్‌ను రూపొందించడం ఎలా: కాగితం మీది లెక్క నుంచి తొలి ప్రతిధ్వని వరకు

నాయిస్ రాడార్ పల్సులను పంపదు. ఏ క్షణంలో ఏ విలువ వస్తుందో ముందుగా చెప్పలేని యాదృచ్ఛిక తరంగాన్ని, అంటే నాయిస్‌నే, ఎడతెగకుండా ప్రసారం చేస్తుంది. పంపిన దాని ప్రతిని రిసీవర్ దగ్గర ఉంచుకొని, తిరిగి వచ్చిన సంకేతాన్ని ఆ ప్రతితో వేర్వేరు ఆలస్యాల వద్ద పోల్చి చూస్తుంది. ఎక్కడ రెండూ సరిగ్గా సరిపోలుతాయో అక్కడ కోరిలేషన్ (రెండు సంకేతాలు ఎంత పోలి ఉన్నాయో చెప్పే కొలత) శిఖరం లేస్తుంది, ఆ ఆలస్యమే లక్ష్యం ఎంత దూరంలో ఉందో చెబుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. నాయిస్‌తో మాడ్యులేట్ చేసి దూరాన్ని కొలిచే విధానాన్ని బి. ఎం. హోర్టన్ 1959లోనే ప్రచురించారు. ఆనాటి అనలాగ్ డిలే లైన్లతో ఒక్కొక్క దూరానికి విడిగా కోరిలేషన్ చేయవలసి రావడం వల్ల అది ఆచరణకు భారమైంది. వేగవంతమైన ఏడీసీలు (అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్‌లు), ఎఫ్ఎఫ్‌టీ (సంకేతాన్ని పౌనఃపున్యాలుగా వేగంగా విడదీసే గణన పద్ధతి) అందుబాటులోకి వచ్చాక ఇదే పనిని ఒక ప్రయోగశాల బల్ల మీద చేయగలుగుతున్నాము.

ఈ మార్గదర్శి ఆర్ఎఫ్ ప్రాథమికాంశాలు తెలిసినవారి కోసం. 3 గిగాహెర్ట్జ్ వద్ద, 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో, 100 మిల్లీవాట్ల ప్రసార శక్తితో పనిచేసే ఒక చిన్న వ్యవస్థను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మొదలుపెట్టే చాలామంది అతి తక్కువ నాయిస్ ఫిగర్ (పరికరం తనంతట తాను కలిపే నాయిస్ కొలత) ఉన్న ఎల్ఎన్ఏ (తక్కువ నాయిస్ యాంప్లిఫయర్) కోసం వెతుకుతారు. అది అవసరమే కానీ, నాయిస్ రాడార్‌లో మొదటి శత్రువు ఉష్ణ నాయిస్ (వేడి వల్ల సర్క్యూట్లలో సహజంగా పుట్టేది) కాదు, మీరు స్వయంగా పంపి, మీ రిసీవర్‌లోకే నేరుగా కారిపోయే నాయిస్. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడంతో పని మొదలుకావాలి.

మొదటి అడుగు: సర్క్యూట్‌ను ముట్టుకోకముందే రెండు నాయిస్‌ల లెక్క వేయండి

ముందుగా దూర విభేదనం (రెండు లక్ష్యాలను విడిగా గుర్తించగల కనిష్ఠ ఎడం) చూడండి. కాంతి వేగాన్ని బ్యాండ్‌విడ్త్‌కు రెట్టింపుతో భాగిస్తే అది వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కు 1.5 మీటర్లు. తరువాత కోరిలేషన్ ద్వారా వచ్చే గెయిన్ లెక్కించండి. ఇది బ్యాండ్‌విడ్త్, ఇంటిగ్రేషన్ కాలం (పోలికను కూడబెట్టే సమయం) రెండింటి లబ్ధం. 10 మిల్లీసెకన్ల పాటు ఇంటిగ్రేట్ చేస్తే లబ్ధం పది లక్షలు, అంటే 60 డీబీ (డెసిబెల్; ప్రతి పది రెట్లకు 10 డీబీ).

ఇప్పుడు ఉష్ణ నాయిస్. 290 కెల్విన్ వద్ద ప్రతి హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్ విలువ). దీనికి 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కోసం 80 డీబీ, రిసీవర్ నాయిస్ ఫిగర్ కోసం 1.4 డీబీ కలిపితే మైనస్ 92.6 డీబీఎం. కోరిలేషన్ గెయిన్‌ను తీసివేస్తే, మీ రిసీవర్ గుర్తించగల నేలమట్టం సిద్ధాంతపరంగా మైనస్ 152.6 డీబీఎం వరకు దిగుతుంది.

ఇక లీకేజీ. ప్రసార శక్తి 20 డీబీఎం, రెండు యాంటెన్నాల మధ్య ఐసొలేషన్ (ఒకదాని శక్తి మరొకదానిలోకి కారకుండా తగ్గే మేర) 50 డీబీ అనుకుంటే రిసీవర్ ముఖద్వారం దగ్గరికి మైనస్ 30 డీబీఎం లీకేజీ చేరుతుంది. ఈ లీకేజీకి కోరిలేషన్‌లో శిఖరం సున్నా దూరం దగ్గర మాత్రమే ఉన్నా, యాదృచ్ఛిక తరంగం కాబట్టి దాని సైడ్‌లోబులు (శిఖరం పక్కన లేచే చిన్న ఉబ్బులు) మిగిలిన అన్ని దూరాలకూ, అన్ని డాప్లర్ విలువలకూ (లక్ష్యపు కదలిక వల్ల వచ్చే పౌనఃపున్య మార్పులకూ) పరుచుకుంటాయి. వాటి సగటు స్థాయి శిఖరం కంటే కోరిలేషన్ గెయిన్ అంత కిందుగా, అంటే మైనస్ 90 డీబీఎం వద్ద ఉంటుంది. ఉష్ణ నాయిస్ నేలమట్టం కంటే ఇది సుమారు 63 డీబీ ఎత్తు.

ఒక కిలోమీటరు దూరంలో 10 చదరపు మీటర్ల రాడార్ క్రాస్ సెక్షన్ (తరంగాన్ని ఎంత బలంగా ప్రతిఫలింపజేస్తుందో చెప్పే కొలత) ఉన్న కారు ఉందనుకోండి. 15 డీబీ గెయిన్ ఉన్న రెండు యాంటెన్నాలతో దాని ప్రతిధ్వని సుమారు మైనస్ 113 డీబీఎం వస్తుంది. ఉష్ణ నాయిస్ ఒక్కటే అడ్డయితే ఆ కారు దాదాపు 40 డీబీ తేడాతో స్పష్టంగా కనిపించాలి. కానీ లీకేజీ పరచిన నాయిస్ కింద అది 23 డీబీ లోతున పూడిపోయి ఉంటుంది. ఈ స్థితిలో ఎల్ఎన్ఏ నాయిస్ ఫిగర్‌ను 0.8 నుంచి 0.5 డీబీకి తగ్గించినా కనిపించే మార్పేమీ ఉండదు.

కోరిలేషన్ దృష్టిలో, లక్ష్యపు ఆలస్యం వద్ద సరిపోలని శక్తి అంతా ఒకటే. అది ఉష్ణ నాయిస్ అయినా, లీకేజీ అయినా సమానంగా అడ్డుపడుతుంది. అందువల్ల లీకేజీని, కోరిలేషన్‌కు ముందే, బ్యాండ్‌లోని ఉష్ణ నాయిస్ స్థాయికి దించడమే మీ లక్ష్యం. మన ఉదాహరణలో అందుకు మైనస్ 30 నుంచి మైనస్ 92.6కు, అంటే మరో 62.6 డీబీ కావాలి. యాంటెన్నాలను ఎడంగా పెట్టి, మధ్యలో లోహపు తెర, శోషక పదార్థం అమర్చి 20 డీబీ, మిగిలిన 43 డీబీ డిజిటల్ రద్దు (లీకేజీని లెక్కతో తీసివేయడం, తొమ్మిదవ అడుగు చూడండి) ద్వారా అని ముందే పంచుకోండి. ఈ పంపకం కాగితం మీద కుదరకపోతే ప్రసార శక్తిని పెంచడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే లీకేజీ కూడా అంతే పెరుగుతుంది.

రెండవ అడుగు: నాయిస్ మూలాన్ని ఎంచుకోండి

సహజ నాయిస్ కావాలంటే అవలాంచ్ స్థితిలో పనిచేసే డయోడు, దాని తరువాత యాంప్లిఫయర్ల వరుస పాత మార్గం. 50 ఓముల నిరోధకం నుంచి నేరుగా మొదలుపెడితే 100 మెగాహెర్ట్జ్‌లో దొరికేది మైనస్ 94 డీబీఎం మాత్రమే. దాన్ని 0 డీబీఎం దాకా తేవడానికి కావలసిన 90 డీబీకి పైగా గెయిన్‌ను ఒకే పెట్టెలో పెడితే, ఎక్కడో ఒకచోట ఔట్‌పుట్ ఇన్‌పుట్‌కు చేరి డోలనం మొదలవుతుంది. అప్పుడు మీరు నాయిస్ అనుకొని పంపేది నిజానికి ఒక చెడ్డ ఆసిలేటర్ ఔట్‌పుట్. అవలాంచ్ డయోడు నుంచి వచ్చే నాయిస్ నిరోధకం కంటే చాలా ఎక్కువ కనుక ఈ ఇబ్బంది తగ్గుతుంది.

తొలి ప్రయత్నానికి నేను సూచించేది డీఏసీ (అంకెలను అనలాగ్ తరంగంగా మార్చే చిప్) మార్గమే. యాదృచ్ఛిక సంఖ్యలను కంప్యూటర్‌లో తయారుచేసి డీఏసీ ద్వారా తరంగంగా మార్చండి. దీనివల్ల తరంగాన్ని మీ అవసరానికి మలచుకోవచ్చు. చదునైన, అంచులు నిటారుగా ఉన్న స్పెక్ట్రమ్‌ను వాడితే కోరిలేషన్ శిఖరం పక్కనే మైనస్ 13 డీబీ సైడ్‌లోబులు వస్తాయి. స్పెక్ట్రమ్ అంచులను మెల్లగా వాలేలా చేస్తే, విభేదనం కొంచెం తగ్గినా, ఇవి బాగా అణుగుతాయి. రెండవ వెసులుబాటు శిఖరాల నియంత్రణ. గాసియన్ నాయిస్ (విలువలు గంట ఆకారపు పంపిణీలో ఉండేది) శిఖరాలు సగటు కంటే 10 డీబీ దాకా, అప్పుడప్పుడు ఇంకా పైకి లేస్తాయి కనుక పవర్ యాంప్లిఫయర్‌ను దాని సామర్థ్యం కంటే అంత దిగువన నడపవలసి వస్తుంది. ఆంప్లిట్యూడ్‌ను స్థిరంగా ఉంచి ఫేజును మాత్రమే యాదృచ్ఛికంగా మార్చే తరంగాన్ని వాడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఒక జాగ్రత్త. తేలికగా ఉంటుందని ఒకే సంఖ్యల వరుసను పదేపదే తిప్పి పంపితే లీకేజీ సైడ్‌లోబులు సున్నా డాప్లర్ దగ్గరే కూడుకుంటాయి, కదిలే లక్ష్యాలు హాయిగా బయటపడతాయి. పరీక్షలకు ఇది ఎంతో అనుకూలం, కానీ అది ఇక ఆవర్తన సంకేతపు రాడార్. పునరావృతి లేకపోవడం వల్ల నాయిస్ రాడార్‌కు వచ్చే దూర, డాప్లర్ అస్పష్టత లేని గుణం అందులో ఉండదు. ఏ రీతిలో కొలిచారో మీ నోట్సులో రాసుకోండి.

మూడవ అడుగు: రెఫరెన్సును ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోండి

తరంగం డీఏసీ నుంచి వస్తోంది కాబట్టి దాని ప్రతి కంప్యూటర్‌లోనే ఉంది కదా, దాన్నే రెఫరెన్సుగా వాడదామని అనిపిస్తుంది. అలా చేయకండి. పవర్ యాంప్లిఫయర్ తరంగాన్ని వంకరగా మారుస్తుంది, ఆ వంకర కంప్యూటర్‌లోని ప్రతిలో ఉండదు, కాబట్టి డిజిటల్ రద్దు దాన్ని తీసివేయలేదు. పవర్ యాంప్లిఫయర్ తరువాత, యాంటెన్నాకు ముందు, ఒక డైరెక్షనల్ కప్లర్ (శక్తిలో కొద్ది భాగాన్ని పక్కకు తీసే పరికరం) పెట్టి అక్కడి నుంచి రెఫరెన్సును తీసుకోండి. అప్పుడు యాంప్లిఫయర్ చేసిన తప్పులన్నీ రెఫరెన్సులో కూడా ఉంటాయి. 43 డీబీ రద్దు సాధ్యమా కాదా అన్నది చాలావరకు ఈ ఒక్క నిర్ణయంతోనే తేలిపోతుంది.

రెఫరెన్సు ఛానెల్, ప్రతిధ్వని ఛానెల్ రెండూ ఒకే లోకల్ ఆసిలేటర్‌తో (పౌనఃపున్యాన్ని మార్చడానికి మిక్సర్‌కు సంకేతం ఇచ్చేది), ఒకే ఏడీసీ క్లాకుతో నడవాలి. అప్పుడు ఆసిలేటర్ ఫేజు నాయిస్ రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉండి, దగ్గరి దూరాల వద్ద చాలావరకు పరస్పరం కొట్టుకుపోతుంది.

నాలుగవ అడుగు: ముందు వరుసను ఫ్రిస్ సూత్రంతో అమర్చండి

1944లో హరాల్డ్ ఫ్రిస్ ఇచ్చిన సూత్రం ప్రకారం, వరుసలో తరువాత వచ్చే దశ తెచ్చే అదనపు నాయిస్ దాని ముందున్న మొత్తం గెయిన్‌తో భాగింపబడుతుంది. అందువల్ల మొదటి దశదే పెత్తనం. ఎల్ఎన్ఏ నాయిస్ ఫిగర్ 0.8 డీబీ, గెయిన్ 18 డీబీ. కేబుల్ నష్టం 2 డీబీ. మిక్సర్ (సంకేతపు పౌనఃపున్యాన్ని మార్చే భాగం) నాయిస్ ఫిగర్ 9 డీబీ అనుకోండి. యాంటెన్నా దగ్గరే ఎల్ఎన్ఏ పెట్టి, ఆపైన కేబుల్, మిక్సర్ వస్తే మొత్తం 1.42 డీబీ. కేబుల్ ముందు, ఎల్ఎన్ఏ తరువాత వస్తే మొత్తం 3.18 డీబీ. పరికరాలు అవే, వరుస మాత్రమే మారింది. పోగొట్టుకున్న ఈ 1.76 డీబీని ప్రసారం వైపు నుంచి పూడ్చాలంటే శక్తిని ఒకటిన్నర రెట్లు చేయాలి, అది లీకేజీనీ ఒకటిన్నర రెట్లు చేస్తుంది.

ఎల్ఎన్ఏకు, మిక్సర్‌కు మధ్య ఇమేజ్ ఫిల్టర్ (మిక్సర్ మన బ్యాండ్‌తో కలిపేసే మరో బ్యాండ్‌ను, అంటే ఇమేజ్ బ్యాండ్‌ను, ఆపేది) తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే ఎల్ఎన్ఏ ఇమేజ్ బ్యాండ్‌లో పుట్టించిన నాయిస్ కూడా మిక్సర్‌లో మడతపడి మన బ్యాండ్ మీదికి వస్తుంది, దాదాపు 3 డీబీ వరకు నష్టం జరుగుతుంది. సున్నా ఐఎఫ్ (మధ్యంతర పౌనఃపున్యం) పద్ధతిలో ఇమేజ్ సమస్య ఈ రూపంలో ఉండదు కానీ, డీసీ దగ్గర ఫ్లికర్ నాయిస్ (తక్కువ పౌనఃపున్యాలలో పెరిగే నాయిస్), ఆఫ్‌సెట్ వస్తాయి. వీలుంటే చిన్న ఐఎఫ్ ఎంచుకోవడం మేలు.

గెయిన్ ఎక్కువైతే మంచిదని అనుకోకండి. మైనస్ 30 డీబీఎం లీకేజీ 18 డీబీ ఎల్ఎన్ఏ దాటాక మైనస్ 12 డీబీఎం. గాసియన్ శిఖరాలు దానికి 10 డీబీ పైన మైనస్ 2 దాకా లేస్తాయి. మామూలు డయోడ్ మిక్సర్‌కు ఇది హద్దు. ఇక్కడ మిక్సర్ తరంగాన్ని వంచితే ఆ వంకర రెఫరెన్సులో లేదు కాబట్టి ఏ డిజిటల్ విధానమూ దాన్ని తీసివేయలేదు. ఐసొలేషన్ 70 డీబీకి చేరేవరకు రెండవ గెయిన్ దశను కలపకండి.

ఐదవ అడుగు: ఎల్ఎన్ఏను డిజైన్ చేయండి

ట్రాన్సిస్టర్ గెయిన్ గరిష్ఠంగా ఉండే సోర్స్ ఇంపెడెన్స్ ఒకటి, నాయిస్ కనిష్ఠంగా ఉండేది మరొకటి. రెండవదాన్ని డేటాషీటులో గామా ఆప్ట్‌గా ఇస్తారు, దాంతోపాటు కనిష్ఠ నాయిస్ ఫిగర్, నాయిస్ రెసిస్టెన్స్ కూడా ఇస్తారు. నాయిస్ రెసిస్టెన్స్‌ను చాలామంది పట్టించుకోరు, కానీ గామా ఆప్ట్ నుంచి మీరు కొంచెం పక్కకు జరిగితే నాయిస్ ఎంత వేగంగా చెడిపోతుందో చెప్పేది అదే. విడిభాగాల విలువల్లో తేడాలు తప్పవు కనుక, కనిష్ఠ నాయిస్ ఒకింత ఎక్కువైనా నాయిస్ రెసిస్టెన్స్ తక్కువగా ఉన్న పరికరమే 100 మెగాహెర్ట్జ్ వెడల్పు పనికి నమ్మదగినది. ఈ పౌనఃపున్యానికి గాలియం ఆర్సెనైడ్ పీహెచ్ఈఎంటీ (తక్కువ నాయిస్ ట్రాన్సిస్టర్ రకం) చక్కగా సరిపోతుంది.

సోర్స్ కాలుకు, గ్రౌండ్‌కు మధ్య చిన్న ఇండక్టెన్స్ ఉంచితే గామా ఆప్ట్, ఇన్‌పుట్ మ్యాచింగ్ రెండూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. దీనికి విడి కాయిల్ అక్కరలేదు. సోర్స్ పిన్ నుంచి గ్రౌండ్ వయా (బోర్డు పొరలను కలిపే లోహపు రంధ్రం) వరకు ఉండే సన్నని రాగి గీతే ఆ ఇండక్టెన్స్. దాన్ని కొలిచి గీయండి, ఎందుకంటే గీత పొడవైతే పై పౌనఃపున్యాలలో స్థిరత్వం పోతుంది.

ఇన్‌పుట్ మ్యాచింగ్‌లో వాడే ఇండక్టర్ నాణ్యత గుణకం ఎక్కువగా ఉండాలి. అక్కడ పోయే ప్రతి 0.1 డీబీ నేరుగా నాయిస్ ఫిగర్‌కు కలుస్తుంది, తరువాతి ఏ దశా దాన్ని తిరిగి ఇవ్వలేదు. బోర్డు పదార్థానికీ ఇదే వర్తిస్తుంది. ఎఫ్ఆర్4 (మామూలు బోర్డు పదార్థం) లాస్ టాంజెంట్ (పదార్థంలో పోయే శక్తి కొలత) సుమారు 0.02, రోజర్స్ 4350బి వంటి పదార్థానిది 0.004 లోపే, ఇన్‌పుట్ గీత కొన్ని మిల్లీమీటర్లే అయితే ఎఫ్ఆర్4తో నెట్టుకురావచ్చు, పొడవైతే వద్దు.

స్థిరత్వాన్ని పని బ్యాండ్‌లో మాత్రమే చూసి ఊరుకోకండి. కొన్ని మెగాహెర్ట్జ్ నుంచి ట్రాన్సిస్టర్‌కు గెయిన్ మిగిలి ఉన్నంత పై పౌనఃపున్యం వరకు కె గుణకం (స్థిరత్వపు కొలత) ఒకటి కంటే ఎక్కువగా ఉందో లేదో చూడండి. తక్కువ పౌనఃపున్యాలలో గెయిన్ విపరీతంగా ఉంటుంది కనుక డోలనం సాధారణంగా అక్కడే పుడుతుంది. బయాస్ మార్గంలో చిన్న నిరోధకాన్ని, డ్రెయిన్ వైపు కొన్ని ఓములను పెట్టండి. నష్టాన్ని ఎప్పుడూ ఔట్‌పుట్ వైపే కలపండి, ఇన్‌పుట్ వైపు కాదు.

విద్యుత్ సరఫరాకు తక్కువ నాయిస్ లీనియర్ రెగ్యులేటర్ వాడండి, పిన్ పక్కనే 100 పికోఫారడ్, ఆ వెనుక 10 నానోఫారడ్, ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్లు వరుసగా పెట్టండి. సరఫరాలో 100 లేదా 120 హెర్ట్జ్ అల మిగిలిపోతే అది గెయిన్‌ను ఊపుతుంది, ఆ ఊపు లీకేజీ మీద పడుతుంది. 3 గిగాహెర్ట్జ్ వద్ద 100 హెర్ట్జ్ డాప్లర్ అంటే సెకనుకు 5 మీటర్ల వేగం. ఎవరూ లేని గదిలో సున్నా దూరం దగ్గర ఎవరో పరిగెత్తుతున్నట్లు కనిపిస్తే ముందు సరఫరాను అనుమానించండి, ఆపైన గదిలోని ట్యూబ్‌లైట్లను ఆర్పి చూడండి, ఎందుకంటే వెలుగుతున్న ట్యూబ్ కూడా మెయిన్స్ లయలోనే రేడియో తరంగాన్ని ప్రతిఫలింపజేస్తుంది.

ఆరవ అడుగు: నాయిస్ ఫిగర్‌ను వై ఫ్యాక్టర్ పద్ధతిలో కొలవండి

నాయిస్ సోర్సును ఆన్, ఆఫ్ చేసి రెండు శక్తులను కొలిచి, వాటి నిష్పత్తిని వై అనండి. సోర్స్ ఈఎన్ఆర్ (ఆన్ చేసినప్పుడు అది ఇచ్చే అదనపు నాయిస్ నిష్పత్తి) నుంచి, వై మైనస్ ఒకటికి డెసిబెల్ విలువను తీసివేస్తే నాయిస్ ఫిగర్ వస్తుంది. ఈఎన్ఆర్ 15 డీబీ, కొలిచిన నిష్పత్తి 13.6 డీబీ అయితే నాయిస్ ఫిగర్ సుమారు 1.6 డీబీ. ఇంత తక్కువ విలువలను కొలిచేటప్పుడు 15 డీబీ సోర్స్ కంటే 6 డీబీ సోర్స్ మంచిది. దాని లోపల ఎక్కువ అటెన్యుయేషన్ ఉండడం వల్ల ఆన్, ఆఫ్ స్థితుల మధ్య ఇంపెడెన్స్ తక్కువగా మారుతుంది. కొలిచే పరికరం తాలూకు నాయిస్‌ను ఫ్రిస్ సూత్రంతో తీసివేయడం మరువకండి. ఫోన్లు, వైఫై పరికరాలు దూరంగా ఉండాలి, ఎల్ఎన్ఏ పెట్టె మూత బిగించి ఉండాలి. మూత తీస్తే ఒక విలువ, వేస్తే మరొకటి వస్తే పెట్టె లోపల అనునాదం ఉన్నట్లే. మూత లోపలి వైపు శోషక పలకను అంటించండి.

ఏడవ అడుగు: ఏడీసీ స్థాయిని లెక్కించండి

గాసియన్ సంకేతానికి ఏడీసీ పూర్తి స్థాయిని ప్రామాణిక విచలనానికి 4 రెట్ల వద్ద పెడితే క్లిప్పింగ్ (శిఖరాలు తెగిపోవడం) అరుదవుతుంది, అందుకు బదులుగా సైన్ తరంగంతో పోలిస్తే 9 డీబీ కోల్పోతారు. ఆచరణలో 10 బిట్ల ప్రభావం ఇచ్చే ఏడీసీకి సైన్ తరంగంతో 62 డీబీ ఉంటే, ఇక్కడ 53 డీబీయే. పూర్తి స్థాయిని నిర్ణయించేది లీకేజీ. అది మైనస్ 30 డీబీఎం వద్ద ఉంటే క్వాంటైజేషన్ నాయిస్ (విలువలను దగ్గరి అంకెకు సవరించడం వల్ల వచ్చేది) మైనస్ 83 డీబీఎంకు సమానం, అంటే ఉష్ణ నాయిస్ కంటే 9 డీబీకి పైగా ఎక్కువ. లీకేజీని యాంటెన్నాల వద్దే 20 డీబీ తగ్గిస్తే క్వాంటైజేషన్ నాయిస్ మైనస్ 103కు దిగి అడ్డు తొలగిపోతుంది. యాంటెన్నాల మధ్య తెరకు నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఎనిమిదవ అడుగు: కేబుల్‌తో పరీక్షించండి

యాంటెన్నాలను ఇంకా కలపకండి. ప్రసార ఔట్‌పుట్‌కు 60 డీబీ అటెన్యుయేటర్, ఆపైన 10 మీటర్ల కోయాక్స్ కేబుల్, చివర రిసీవర్ కలపండి. వెలాసిటీ ఫ్యాక్టర్ (కాంతి వేగంతో పోలిస్తే కేబుల్‌లో సంకేతపు వేగం) 0.66 ఉన్న కేబుల్‌లో ఆలస్యం సుమారు 50.5 నానోసెకన్లు, కాబట్టి 7.6 మీటర్ల దూరంలో లక్ష్యం ఉన్నట్లు శిఖరం కనిపించాలి. దానికి మీ సర్క్యూట్ల సొంత ఆలస్యం కూడా తోడవుతుంది. కేబుల్‌ను 20 మీటర్లకు మార్చి రెండు కొలతల తేడా తీసుకుంటే ఆ సొంత ఆలస్యం విడిగా తెలుస్తుంది.

తరువాత శిఖరానికి, దూరాన ఉన్న చదునైన నేలమట్టానికి మధ్య ఎత్తు కొలవండి. ఇంటిగ్రేషన్ కాలాన్ని పది రెట్లు పెంచిన ప్రతిసారీ ఈ తేడా 10 డీబీ పెరగాలి. ఎక్కడో ఒకచోట పెరగడం ఆగిపోతే, అక్కడ నాయిస్ కాక స్థిరమైన దోషమేదో ఉంది: డీసీ ఆఫ్‌సెట్, పునరావృతమవుతున్న తరంగం, లేదా రెండు ఛానెళ్ల మధ్య బోర్డు మీద లీకేజీ.

తొమ్మిదవ అడుగు: సంకేత ప్రక్రియను రాయండి

సెకనుకు 12.5 కోట్ల సంకీర్ణ నమూనాలు తీసుకుంటే 10 మిల్లీసెకన్లకు పన్నెండున్నర లక్షల నమూనాలు వస్తాయి. వాటిని 0.1 మిల్లీసెకన్ చొప్పున 100 ముక్కలుగా కోయండి. ప్రతి ముక్కకు ఎఫ్ఎఫ్‌టీతో కోరిలేషన్ చేసి, ఒక్కో దూరం వద్ద వచ్చిన 100 ఫలితాల మీద మరో ఎఫ్ఎఫ్‌టీ చేస్తే దూర-డాప్లర్ పటం తయారవుతుంది. ఈ అమరికతో 3 గిగాహెర్ట్జ్ వద్ద సెకనుకు 250 మీటర్ల వేగం వరకు అటూ ఇటూ చూడవచ్చు, డాప్లర్ విభేదనం 100 హెర్ట్జ్.

కోరిలేషన్‌కు ముందు లీకేజీ రద్దు చేయాలి. రెఫరెన్సును ఒక్కొక్క నమూనా చొప్పున ఆలస్యం చేసిన కొన్ని పదుల ప్రతులను నిలువు వరుసలుగా పేర్చి, వాటి ఏ కలయిక ప్రతిధ్వని ఛానెల్‌కు అత్యంత దగ్గరగా వస్తుందో లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో కనుగొని, ఆ కలయికను తీసివేయండి. ఈ ప్రతులు ఎంత ఆలస్యం వరకు వెళతాయో అంతవరకు కదలని దగ్గరి లక్ష్యాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. గుణకాలను మరీ చిన్న ముక్కల మీద లెక్కిస్తే నెమ్మదిగా కదిలేవి కూడా పోతాయి. పూర్తి 10 మిల్లీసెకన్లకు ఒకేసారి లెక్కించడంతో మొదలుపెట్టండి.

పదవ అడుగు: యాంటెన్నాలతో బయటికి

గాలిలోకి ప్రసారం చేసే ముందు మీ దేశపు స్పెక్ట్రమ్ నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం ఆ బ్యాండ్‌కు, ఆ శక్తికి అనుమతి ఉందని నిర్ధారించుకోండి. 100 మెగాహెర్ట్జ్ వెడల్పు నాయిస్ ఇతరుల సేవలకు అంతరాయం కలిగించగలదు. అనుమతి వచ్చాక ఖాళీ స్థలంలో 50 మీటర్ల దూరాన, అంచు 30 సెంటీమీటర్లు ఉన్న మూడు పలకల కార్నర్ రిఫ్లెక్టర్‌ను నిలబెట్టండి. 3 గిగాహెర్ట్జ్ వద్ద దాని రాడార్ క్రాస్ సెక్షన్ దాదాపు 3.4 చదరపు మీటర్లు, ప్రతిధ్వని సుమారు మైనస్ 66 డీబీఎం రావాలి. యాంటెన్నాల మధ్య తెర, డిజిటల్ రద్దు ఏవీ లేనప్పటి మైనస్ 90 డీబీఎం నేలమట్టం కంటే కూడా ఇది 24 డీబీ పైన ఉంటుంది. రిఫ్లెక్టర్‌ను పడుకోబెట్టి, మళ్లీ నిలబెట్టి, శిఖరం పోయి తిరిగి వస్తోందో లేదో చూడండి. అంచనాకు, కొలతకు మధ్య తేడా 3 డీబీ దాటితే యాంటెన్నా గురిని, కేబుల్ కనెక్టర్లను, నేల మీద ప్రతిఫలించి వచ్చే తరంగాన్ని ఈ వరుసలోనే పరిశీలించండి. ఆ తరువాత రద్దును ఆన్ చేసి, నేలమట్టం ఎన్ని డీబీ దిగిందో మొదటి అడుగులో మీరు రాసుకున్న 43 పక్కన రాయండి.